పేర్లు లేని పుస్తకం

నన్ను పూర్తి పేరుతో పిలిచినవాళ్లు తక్కువ. అట్ట మీద ఇంగ్లీషులో ‘కర్నూలు జిల్లా సెన్సస్ హ్యాండ్‌బుక్, 1971’ అని ఉంటుంది. ఆఫీసులో మాత్రం నేను ‘ఆ లావు బుక్కు’నే. ఫ్యాను గాలికి కాగితాలు ఎగురుతుంటే “ఆ లావు బుక్కు ఇట్లా తే” అనేవాళ్లు. తెచ్చి కాగితాల మీద పెట్టేవాళ్లు. తెరిచి చూసిన పాపాన పోయినవాడు లేడు. తెరిచినా ఏముంటుంది లెండి, తాలూకాల మ్యాపులు, పట్టికలు, అంకెలు. ఆలూరు తాలూకా పేజీ మీద టీ గ్లాసు మరక ఒకటి గుండ్రంగా ఇప్పటికీ ఉంది. అది ఏ పట్టికలోనూ చేరదు.

ఏ ప్రెస్సులో అచ్చయ్యానో, ఎన్ని కాపీలు వేశారో చెప్పి విసిగించను. నాకు ముఖ్యమైన ఘడియ ఒక్కటే: 1971 ఏప్రిల్ 1, సూర్యోదయం. ఆ పొద్దు పొడిచే వేళకు జిల్లాలో ఎంతమంది ప్రాణాలతో ఉన్నారో అదే నా లెక్క. మామూలుగా అయితే మార్చి 1నే కావాల్సింది. లోక్‌సభకు మధ్యంతర ఎన్నికలు వచ్చిపడటంతో నెల జరిపారు. దాంతో బడిపంతుళ్లు, కరణాలు కర్నూలు మార్చి ఎండలో ఇల్లిల్లూ తిరగాల్సొచ్చింది. 31వ తేదీ రాత్రి బస్టాండుల్లో, గుడి మంటపాల్లో, చెట్ల కింద పడుకున్నవాళ్లను లేపి రాసుకున్నారు. ఇల్లు లేనివాడికీ నాలో చోటుంది. ఆ సంగతి నాకు గర్వం.

ఒక్కో ఊరికి నాలో ఒక్క వరుస. ఇళ్లెన్ని, మగవాళ్లెందరు, ఆడవాళ్లెందరు, చదువొచ్చినవాళ్లు, సేద్యగాళ్లు, కూలీలు. ఇంకో భాగంలో బడి ఉందా, కరెంటు వచ్చిందా, దగ్గరి పట్నం ఎన్ని కిలోమీటర్లు, సంత ఏ వారం, జనం ముఖ్యంగా తినే తిండి ఏది అని గడులుంటాయి. తిండి గడి అంటే నాకు ప్రత్యేకంగా ఇష్టం. కృష్ణా, గోదావరి జిల్లాల నా అన్నదమ్ములకు వరి తప్ప వేరే మాట రాయాల్సిన పని అంతగా పడలేదు. నా దగ్గర జొన్న ఉంది. ఇప్పుడు షుగరు డాక్టరు చెప్తే కొనుక్కుంటున్నారే, అదే జొన్న.

చోటు సరిపోక నా గడుల్లో పొడి అక్షరాలు వాడారు. దారి దగ్గర ‘కేఆర్’ అంటే కచ్చా రోడ్డు. తాగునీటి దగ్గర ‘డబ్ల్యూ’ అంటే బావి, ‘ఆర్’ అంటే నది. కరువు జిల్లాలో ‘ఆర్’ దొరకడం మాటలా? బిందె నీళ్లకు మైళ్లు నడిచే పత్తికొండ, ఆలూరు వైపు ఊళ్లు ఆ అక్షరాన్ని చూసి కుళ్లుకోవాలి. నందికొట్కూరు, ఆత్మకూరు తాలూకాల్లో మాదిరి ఏటి ఒడ్డున ఉన్న ఊళ్లకే ఆ భాగ్యం. ఆ ‘ఆర్’ పదేళ్లకు ఏం చేసిందో చెప్తాను, కాస్త ఆగండి. ముందు మా తాతల సంగతి.

మద్రాసు రాజధానిలో 1871లో తీసిన లెక్క ప్రకారం కర్నూలు జిల్లా జనం తొమ్మిది లక్షలు దాటి ఉన్నారు. 1881 ఫిబ్రవరి 17 రాత్రి దేశమంతా ఒకేసారి లెక్కపెట్టినప్పుడు అది ఏడు లక్షల దగ్గరికి పడిపోయింది. కడప కూడా పదమూడున్నర లక్షల నుంచి పదకొండు లక్షల పైచిలుకుకు దిగింది. మధ్యలో వచ్చింది 1876-78 ధాత కరువు. పదేళ్లకోసారి అంకె పెరగడమే చూసినవాళ్లు మా తాతల పుస్తకాలు పక్కపక్కన పెట్టి చూడాలి. ఆ తగ్గినవాళ్లలో ఆకలికి పోయినవాళ్లెందరో, కలరాకు పోయినవాళ్లెందరో, బతకడానికి వలసపోయినవాళ్లెందరో ఆ రెండు అంకెలు విడదీసి చెప్పవు. మా వంశంలో ఉన్న లోపమే అది. ఎంతమంది అని అడిగితే టక్కున చెప్తాం, ఏమయ్యారు అంటే నోరు మెదపం.

ఇక నా తమ్ముడు, 1981 వాడు. వాడి కోసం ఆ ఫిబ్రవరిలో ఎన్యూమరేటర్లు తిరిగేనాటికి శ్రీశైలం డ్యాం నీళ్లు పట్టడానికి సిద్ధంగా ఉంది. కొన్ని ఊళ్లు అప్పటికే మూటాముల్లె సర్దుకున్నాయి. పోనివి ఉండిపోయాయి. మార్చి 1 సూర్యోదయం వాడి ఘడియ. అదే ఏడు జూన్‌లో మిగిలిన ఊళ్లను బలవంతంగా ఖాళీ చేయించారు, ఇళ్లు కూలగొట్టారు. కర్నూలు, మహబూబ్‌నగర్ జిల్లాల్లో కలిపి వందకు పైగా ఊళ్లు, లక్ష మంది జనం. తలుపుల మీద సెన్సస్ వాళ్లు వేసిపోయిన నంబర్లు చెరగకముందే ఆ తలుపులే ఊడదీసి బండ్లకెత్తుకోవాల్సి వచ్చింది. వాళ్లను లెక్కపెట్టిన ప్రభుత్వమే మూడు నాలుగు నెలలకు వాళ్లను లేపింది. ఒక చేతి పని రెండో చేతికి తెలియదనుకోవడానికి లేదు. అక్కడ ఎంతమంది ఉన్నారో ఆ ప్రభుత్వానికి తెలిసినంత కచ్చితంగా ఎవరికీ తెలియదు.

సంగమేశ్వరం అట్లా మునిగినదే. కృష్ణ, తుంగ, భద్ర, వేణి, భీమ, మలాపహారిణి, భవనాసి అని ఏడు నదులు కలిసే చోటు. అక్కడి శివలింగం రాయి కాదు, వేపమొద్దు. జలాశయం నిండితే 885 అడుగులు. నిండిన నెలల్లో గుడి నీళ్లలో ఉంటుంది, ఎండాకాలం మట్టం దిగితే బయటపడుతుంది. అప్పుడు జనం వస్తారు, పూజలు జరుగుతాయి, ఫొటోలు తీసుకుంటారు. గుడికి వచ్చే జనంలో ఎంతమంది ఊరి గురించి అడుగుతారు? ముంపులో పడిన ఇంకో పాత గుడిని, రూపాల సంగమేశ్వరాన్ని, రాయి రాయి విప్పి కర్నూలు పక్కన జగన్నాథగట్టు మీద తిరిగి కట్టారు. మంచి పని, కాదనను. ఏ రాయి పక్కన ఏ రాయి ఉండేదో చూసుకుని మరీ కట్టారు. ఏ ఇంటి పక్కన ఏ ఇల్లు ఉండేదో చూసి మాత్రం జనాన్ని ఎవరూ కూర్చోబెట్టలేదు. తలా ఒక దిక్కయ్యారు.

నిర్వాసితుల కుటుంబాలకు ఉద్యోగాలిస్తామని 1986లో 98వ నంబరు జీవో వచ్చింది. ‘98 జీవో వాళ్లు’ అంటే ఆ పక్క ఇప్పటికీ అందరికీ తెలుసు. ఆ అర్జీలు ఏళ్ల తరబడి నడిచాయి. ఆ రోజుల్లోనే ఒక ఆఫీసులో నన్ను నిజంగా తెరిచారు.

పంచె మోకాళ్ల దాకా ఎగగట్టిన ముసలాయన ఒకరు వచ్చి బల్ల ముందు నిలబడ్డాడు.

“సార్, మా ఊరు ఈ బుక్కులో ఉండాదంట. రోంత సూడండి.”

“ఏ ఊరు పెద్దాయనా?”

ఆయన చెప్పాడు. గుమాస్తా నా మీది దుమ్ము దులిపి, తాలూకా వెతికి, వేలితో వరుస పట్టుకున్నాడు. “ఉంది. ఇదిగో.”

“మా నాయన పేరుందా సార్?”

“పేర్లుండవు పెద్దాయనా. ఇండ్లెన్ని, జనమెంత, అంతే.”

ఆయన ఆ అంకె మీద వేలు పెట్టాడు. “ఈ ఇండ్లల్లో మాదొకటి సార్” అన్నాడు.

గుమాస్తా నవ్వలేదు. ఏం రాసుకోవాలో అతనికీ తెలియలేదు. 1948 జనగణన చట్టం ప్రకారం ఎవరింటి వివరాలు వాళ్లవి. ఎన్యూమరేటరు రాసుకున్న కాగితం ఎవరికీ చూపించరు, సివిలు తగాదాల్లో సాక్ష్యానికి కూడా చెల్లదు. కూడికలు అయిపోయాక ఆ చీటీలూ ఉండవు. ఉండేది మొత్తం ఒక్కటే, నా దగ్గర. జనం భయం లేకుండా నిజం చెప్పాలంటే ఆ కట్టుబాటు ఉండాల్సిందే. నేను దాన్ని తప్పుపట్టను. కానీ ఆ రోజు ఒక్క పేరైనా నా పొట్టలో ఉంటే బాగుండుననిపించింది.

1985లోనే మండలాలు వచ్చి నా తాలూకాలు రద్దయ్యాయి. దాంతో ఆఫీసులో నాకు పని తగ్గుతూ వచ్చింది. చివరికి ఒక కాలేజీ లైబ్రరీకి పంపించారు. అక్కడ అడుగు అరలో నా పక్కన కడప జిల్లా పుస్తకం, దాని పక్కన ఎవరు తెచ్చి పెట్టారో గానీ అండమాన్ నికోబార్ దీవుల పుస్తకం. మా ముగ్గురినీ తెరిచేవాళ్లు లేరు కాబట్టి కబుర్లకు లోటు లేదు.

దీవుల పుస్తకం కొంచెం గొప్పలకు పోయేది. అయిదు వందలు దాటిన దీవుల్లో మనుషులుండేవి ముప్పై చిల్లర, వాటిలో ఒక్కోదానికి ఒక్కో వరుస. 1951లో అక్కడి మొత్తం జనం 31 వేలు కూడా లేరు. తర్వాతెప్పుడో నేను విన్న 2011 లెక్కలో 3,80,581. వాళ్లలో నూటికి పదమూడు మంది మాతృభాష తెలుగే. సముద్రం మధ్యకు పోయి కూడా మనవాళ్లు లెక్కలో నాలుగో స్థానంలో ఉన్నారంటే నాకూ ముచ్చటేసింది. సెంటినల్ దీవిలో అడుగు పెట్టనివ్వరు కాబట్టి దూరం నుంచి పడవలో చూసి, కనబడినవాళ్లను బట్టి 2011లో 15 మంది అని వేసుకున్నారట. ట్రింకెట్ అనే దీవిలో నాలుగు వందల పైచిలుకు మనుషులు ఉండేవాళ్లు. 2004 సునామీ ఆ దీవిని ముక్కలు చేసింది, మిగిలినవాళ్లు పక్క దీవికి పోయారు, అది ఖాళీ అయింది. “దీవి ఉంది, మనుషులు లేరు” అని వాపోయింది దీవుల పుస్తకం. “నా దగ్గర మనుషులున్నారు, ఊళ్లు లేవు” అన్నాను.

కడప పుస్తకానికి మొదట్లో మా గొడవ పట్టలేదు. తర్వాత పట్టింది. సోమశిల వెనుక జలాలకు నెల్లూరు సరిహద్దు పక్క ఊళ్లు పోయాయి. (మేం విడిపోయాక, 2020లో గండికోట జలాశయం నింపినప్పుడు తాళ్లప్రొద్దుటూరు కూడా పోయింది.) నీళ్లు కావాలని ఏళ్ల తరబడి కొట్లాడిన సీమలోనే నీళ్లకు ఊళ్లు అప్పగించాల్సి రావడం మా ముగ్గురి మాటల్లో ఎప్పుడూ తెగని విషయం. నీళ్లు వద్దని నేను అనను. చేలు పచ్చబడితే ఏ పుస్తకానికి చేదు? పోయిన ఊళ్లవాళ్లకు ఆ నీళ్లలో ఎంత దక్కిందని మాత్రం అడుగుతాను. ఆ గడి నాలో లేదు.

2009 అక్టోబరు 2న నా వంతు వచ్చింది. తుంగభద్ర, హంద్రీ పొంగి కర్నూలు పాతబస్తీని ముంచాయి. లైబ్రరీలోకి నీళ్లు మెట్ల మీదుగా రాలేదు, కిటికీల్లోంచి వచ్చాయి. పై అరల వాళ్లు తప్పించుకున్నారు. మేం అడుగు అర వాళ్లం. నీళ్లు తీశాక ఎర్రటి బురద మిగిలింది. నా పేజీలు ఒకదానికొకటి అతుక్కుని, అంచులు ఉబ్బి, జిగురు ఊడి, అట్ట ఒక పక్కకు వచ్చేసింది. దీవుల పుస్తకాన్ని నీళ్లలోనే చివరిసారి చూశాను. సముద్రం మధ్య దీవుల లెక్క తుంగభద్ర బురదలో కలవడం ఎంత విడ్డూరమో, చెప్పుకుని నవ్వుకోవడానికి అదే లేదు.

తర్వాత మమ్మల్ని మిద్దె మీద ఎండబెట్టారు. కథల పుస్తకాలను, పోటీ పరీక్షల గైడ్లను ఏరి లోపలికి తీసుకుపోయారు. నన్ను ఒకబ్బాయి తిప్పి చూసి, “పాతది సార్ ఇది, సైన్సు కూడా కాదు” అన్నాడు. “పక్కన పెట్టు” అన్నారు. ఆ పక్కన పెట్టడం ఎన్నాళ్లని! ఎండకు పేజీలు అప్పడాల్లా విరిగాయి, వానకు మళ్లీ మెత్తబడ్డాయి. చెదలు డోన్ తాలూకా నుంచి మొదలుపెట్టాయి. చివరికి పాత పేపర్లాయన తక్కెడలో వేశాడు. జిల్లా జనం ఇరవై లక్షల దాకా నాలో ఉన్నారు, తూకం మాత్రం పాత పేపరు రేటే. ఆయన కొట్టులో పాత పుస్తకాలు ఏరుకునే ఒక పంతులుగారు చూసి బేరమాడి తెచ్చుకోబట్టి ఈ మాత్రం మాట్లాడుతున్నాను. ఆత్మకూరు పేజీలు చెదలకు దొరకలేదు.

నా మీద జాలిపడాల్సిన పనేమీ లేదు. సెన్సస్ శాఖ మా పాత పుస్తకాలను స్కాన్ చేసి ఇంటర్నెట్‌లో పెట్టింది, ఎవరైనా ఉచితంగా చూసుకోవచ్చు. 2011లో కర్నూలు జిల్లా జనం 40,53,463. 2022లో జిల్లా రెండయి, ఆ ఏటి ఒడ్డు ఊళ్లు నంద్యాల జిల్లాలో చేరాయి. 2021లో రావాల్సిన చెల్లెలు రాలేదు. ఆమె 2027 మార్చి 1 లెక్కగా రాబోతోందని ప్రకటించారు. ఫోన్లలో రాసుకుంటారట, కాగితమే ఉండదట. ఆమెకు బురద గొడవ లేదు, చెదల గొడవ లేదు. అదృష్టవంతురాలు.

మిమ్మల్ని కోరేది ఒకటుంది. ముంపు ఊళ్లలో పుట్టి పెరిగి, తలుపులు బండ్లకెత్తుకుని వచ్చినవాళ్లు మీ ఇళ్లలో, మీ పక్క వీధుల్లో ఇంకా ఉన్నారు. నాలో మీ ఊరి వరుస తీసి ఆ పేజీ అచ్చు వేయించుకోండి. ఆ పెద్దవాళ్ల దగ్గర కూర్చుని, ఆ ఇళ్లు ఎవరెవరివో, ఏ ఇంటి పక్కన ఏ ఇల్లుండేదో అంచుల్లో పెన్సిలుతో రాయించుకోండి. పేర్లు చెప్పకూడదన్న చట్టం నాకే గానీ మీకు లేదు.