పొరుగింటి పుల్లదయ్యం

మన సినిమాల్లో ఇంటి కోడలికి దయ్యం పట్టిందంటే ముందుగా మారేది కళ్లు కాదు, భాష. 1993లో ఫాజిల్ తీసిన 'మణిచిత్రతాళు'లో కోడలు గంగ, నాగవల్లి అనే పాతకాలపు నర్తకిగా మారి, మలయాళీ తరవాడు అనే పాత పెద్దింట్లో నిలబడి తమిళం దంచేసింది. 2004లో పి.వాసు దాన్ని 'ఆప్తమిత్ర'గా కన్నడంలోకి తెస్తే నాగవల్లికి రాత్రికి రాత్రే తెలుగు వచ్చేసింది. మరుసటేడు ఆయనే తమిళంలో తీసిన 'చంద్రముఖి'లోనూ తెలుగు నర్తకే. 2007లో ప్రియదర్శన్ 'భూల్ భులయ్యా' తీశాడు. హిందీవాళ్ల హవేలీకి బెంగాల్ నుంచి మంజులిక దిగింది.

మనమేమైనా తక్కువ తిన్నామా? 'చంద్రముఖి' తెలుగులోకి డబ్ అయ్యేసరికి పౌరుషం పొడుచుకొచ్చింది. మన ఆడపడుచు దయ్యమవడమా! వెంటనే ఆమెను తమిళావిణ్ని చేసి, పాట కూడా తమిళంలోనే పాడించి, పరువు దక్కించుకున్నాం. కావేరీ జలాలు పంచుకోలేని రాష్ట్రాలు దయ్యాన్ని మాత్రం ఎంత సామరస్యంగా పంచుకున్నాయో చూడండి.

ఇక ఈ సినిమాల హీరో, డాక్టరు గారు. ఆయన అమెరికా నుంచి ఊడిపడతాడు. దయ్యమూ లేదు గియ్యమూ లేదు, ఇది మానసిక వ్యాధి అని అరగంట క్లాసు పీకుతాడు. ఆ తర్వాత మంత్రవాదిని పిలిపించి, ముగ్గు వేయించి, హోమం పెట్టించి, దయ్యం పగబట్టిన రాక్షస రాజు స్థానంలో బొమ్మను బలి ఇప్పిస్తాడు. మాత్రల్లేవు, మాటల వైద్యం లేదు, మళ్లీ ఎప్పుడు రావాలో రాసిన చీటీ కూడా లేదు. చిన్నప్పటి హింస వల్ల చీలిన మనసును అతకడానికి నిజం డాక్టర్లకు ఏళ్లు పడుతుంది పాపం. వాళ్లకు హోమగుండం సంగతి తెలియదు. 1994లో అమెరికా మానసిక వైద్యులు ఈ జబ్బుకున్న 'బహుళ వ్యక్తిత్వం' అన్న పేరునే తీసేసి 'డిసోసియేటివ్ ఐడెంటిటీ డిజార్డర్' అని పెట్టుకున్నారు. 'చంద్రముఖి' డాక్టరుకు ఆ కబురు అందినట్టు లేదు. అమెరికావాళ్ల సినిమా మాత్రం తక్కువదా అంటే, 2016లో వచ్చిన 'స్ప్లిట్'లో ఒకే మనిషిలో 23 మంది చాలక 24వ వాడిగా గోడలెక్కే మృగాన్ని దించారు.

ఒక్క మాట ఒప్పుకోవాలి, ఆ మొదటి సినిమాలో గంగ లోపల ఓ పసిపిల్ల ఉంది. తల్లిదండ్రులు కలకత్తా వెళ్లిపోతే నానమ్మ దగ్గర పెరిగి, హఠాత్తుగా ఓ రోజు ఆ నానమ్మ నుంచీ ఊడబెరకబడ్డ పిల్ల. గంగగా నటించిన శోభనకు జాతీయ అవార్డు ఊరికే రాలేదు. రీమేకు మీద రీమేకు పడేకొద్దీ ఆ పిల్ల చిక్కిపోయింది, డాక్టరు గారి ఎంట్రీ ఫైటు బలిసింది. దెబ్బలాటలో ఆయన బూటు మడమ కనిపించినంత సేపు కూడా ఆ పిల్ల బాల్యం కనిపించదు.

తర్వాత ఆ కాస్త మొహమాటం కూడా వదిలేశారు. 2022లో 'భూల్ భులయ్యా 2', 2023లో 'చంద్రముఖి 2' వచ్చేసరికి వ్యాధి చేత రాజీనామా పెట్టించి, అసలు సిసలు దయ్యాన్ని పర్మనెంటు ఉద్యోగంలోకి తీసుకున్నారు. డాక్టరు పోస్టు రద్దు. మంత్రవాదికి ఇంక్రిమెంటు.

మరో రీమేకుకు ఎవరైనా కథ వండుతుంటే ఒక మనవి. ఈ వరసలో తమిళ, తెలుగు, బెంగాలీ దయ్యాలకు డ్యూటీలు పడ్డాయి. కన్నడ దయ్యానికి ఒక్క పాటైనా ఇవ్వలేదు. బెంగళూరులో ఇళ్లు కొనుక్కున్న మన సాఫ్ట్‌వేర్ కుటుంబాలు బోలెడు. లొకేషన్ ఖర్చు కలిసొస్తుంది.