హారన్ కొడితే వెలిగే లైట్లు

పన్నెండు రోజులుగా మా పికప్‌కి హారన్ కొడితే లైట్లు వెలుగుతున్నాయి. లైట్లు వేస్తే హారన్ మోగుతోంది. వైపర్ ఒక్కటే ఎవరి జోలికీ పోకుండా తన పని తాను చేసుకుంటోంది. ఎండాకాలంలో దానికి పనేముంది గనక!

మిర్చి సీజన్. నర్సంపేట వైపు నుంచి బస్తాలు వేసుకుని తెల్లారేసరికి ఎనుమాముల మార్కెట్లో వరుసలో నిలబడాలంటే రాత్రి రెండింటికే కదలాలి. "డాడీ, ముంగట ఎక్స్‌ట్రా లైట్లు పెట్టిద్దాం. తొవ్వ పగటి లెక్క కనవడతది" అన్నాడు మావాడు. పగలు ఆ తొవ్వ ఎంత సొంపుగా కనబడుతుందో నాకు తెలుసు. అయినా సరేనన్నాను.

మెకానిక్ మాట మన చపాట మిర్చి. 2025లో జీఐ గుర్తింపు కొట్టేసిన ఆ మిర్చి చూపుకి టమాటలా నిగనిగలాడుతుంది, కారం మాత్రం అంతంతే. "రిలే పెడతవు కదా తమ్మీ?" అని అడిగాను. 55 వాట్ల బల్బులు రెండంటే 110 వాట్లు. 12 వోల్టుల బ్యాటరీ మీద 9 ఆంపియర్ల పైమాటే. అంత కరెంటు చిన్న స్విచ్చులోంచి పోతే స్విచ్చు మాడుతుంది. అందుకే రిలే. బ్యాటరీ వైరు ఫ్యూజు దాటి 30 నంబరు కాలికి, లైట్ల వైరు 87కి. 85, 86ల మధ్య ఉన్న కాయిల్‌ని లేపడమే స్విచ్చు పని. దొర కేకేస్తే పాలేరు బస్తా మోసినట్టన్నమాట. ముందురోజు రాత్రి ఫోన్లో సంపాదించిన ఈ జ్ఞానమంతా అతని ముందు పరిచాను. అతను జాలిగా చూసి, "పెడత సార్" అన్నాడు.

పెట్టాడు, అబద్ధమెందుకు. స్విచ్చు నుంచి రిలేకి పోయే వైరు మాత్రం, చేతికందింది కదా అని, హారన్ వైరుకి కలిపాడు. "రెండు దినాలు చూడు సార్, అదే సెట్ అయితది." సెట్ కావడానికి అదేమన్నా కొత్త కోడలా? మళ్లీ వెళితే, "హారన్ పీకేద్దామా?" అన్నాడు. హారన్ లేకుండా పోచమ్మ మైదాన్ దాటమంటాడు! 1988 నాటి మోటారు వాహనాల చట్టంలో 52వ సెక్షన్ బండి తీరు ఇష్టమొచ్చినట్టు మార్చొద్దంటుంది. మా బండి అసలు తీరేమిటో ఇప్పుడు ఎవరికీ తెలియదు.

లైట్లంటే గుర్తొచ్చింది. 2017 ఏప్రిల్ నుంచి కొత్త టూవీలర్లకి హెడ్‌లైటు పగలూ రాత్రీ దానంతటదే వెలగాలి. ఆర్పుదామన్నా స్విచ్చు ఉండదు. ఈ సంగతి మనవాళ్లకి ఈనాటికీ చేరలేదు. స్కూటర్ మీద హనుమకొండ చౌరస్తా నుంచి కాజీపేట పోయేలోగా కనీసం ఏడుగురు నాకేసి పిడికిలి మూసి తెరిచి, మూసి తెరిచి చూపిస్తారు. మూసి తెరిచేవాళ్లు ఒక రకం. అయిదు వేళ్లూ మొగ్గలా కలిపి మిణుకు మిణుకుమనిపించేవాళ్లు ఇంకో రకం. చేతులు ఖాళీ లేక గడ్డంతో చూపించే కొబ్బరిబొండాలాయన ఒకడు. ఒకాయన భార్యని సిగ్నల్ దగ్గర దింపి, ఫర్లాంగు దూరం నన్ను తరిమి మరీ, "అన్నా, లైటు!" అన్నాడు. "ఇది ఆరదన్నా" అన్నాను. "బ్యాటరీ దిగుతది మరి" అన్నాడు, నా మొండితనానికి నొచ్చుకుని. మొదట్లో వివరించేవాణ్ని. తర్వాత తలూపేవాణ్ని. ఇప్పుడు ఎడమచెయ్యి హ్యాండిల్ దగ్గరికి పోనిచ్చి ఆర్పినట్టు నటిస్తున్నాను. వాళ్లు తృప్తిగా పోతున్నారు. పొరుగువాడి బ్యాటరీ మీద ఇంత దయ ఇంకే దేశంలో ఉంటుంది?

రాత్రి అయ్యేసరికి ఈ దయ ఎటు పోతుందో మరి. అదే మనుషులు హైబీమ్ వేసుకుని, దానికి తోడు బంపర్ మీద నాలుగు లైట్లు బిగించుకుని, పెళ్లి ఊరేగింపులా మీదికొస్తారు. వాళ్లకి తొవ్వ కనబడుతుంది, మనకి చుక్కలు. ఆ లెక్కలో ఇప్పుడు నేనూ చేరాను.

మా బాపు ఎడ్లబండి కింద, రెండు చక్రాల నడుమ, లాంతరు వేలాడేది. బండి ఊగినప్పుడల్లా ఎడ్ల కాళ్ల నీడలు చేలల్లోకి పొడుగ్గా సాగి మళ్లీ ముడుచుకునేవి. గడ్డి మీద పడుకుని తల వేలాడేసి అదే చూస్తుండేవాణ్ని. "బాపూ, గీ లాంతరుతోని తొవ్వ కనవడతలేదు కదనే" అన్నానొకసారి. "ఎడ్లకు తొవ్వ ఎర్కేరా. ఎదురొచ్చేటోనికి మనం కనవడాలె" అన్నాడు.

మొన్న గీసుగొండ దాటాక రోడ్డు గుంతలమయం. విధిలేక స్విచ్చు వేశాను. హారన్ అందుకుంది. ఆ వెలుగులో, సైకిల్ హ్యాండిల్‌కి పాలక్యాను తగిలించుకున్న ముసలాయన. కళ్లకి చెయ్యి అడ్డం పెట్టుకుని, ఆగకుండా మోగుతున్న హారన్ తనకోసమే అనుకుని, సైకిల్‌తో సహా రోడ్డు దిగి తుమ్మకంపల్లోకి జరిగాడు. గబుక్కున ఆర్పేశాను. బండి ఆయన పక్కకి వచ్చి ఆగింది.

"ఏం బిడ్డా, గంత కోపమెందుకు?" అన్నాడు.

హారన్ వైరు సంగతి చెప్పబోయాను. ఎక్కడ మొదలుపెట్టాలో తెలియలేదు.