టైరు జాతకం

డాలస్ చుట్టుపక్కల తెలుగువాళ్ళలో ఎవరికైనా పాత బస్సు కొని దాన్ని తిరిగే ఇల్లుగా మార్చుకోవాలన్న బుద్ధి పుడితే, ముందు మా బావని కలవాల్సిందే. అలాంటి బుద్ధి ఏడాదికి ఒకరిద్దరికి మించి పుట్టదు. పుట్టినవాళ్ళు మాత్రం టైర్ల మీద మూడు గంటల పాఠం వినకుండా ఆ ఇంటి గడప దాటలేదు. రెండో గంటలో మా అక్క టీ ఇస్తుంది. మూడో గంటలో వాళ్ళని చూసి జాలిపడుతుంది.

ఈ విద్య బావకి 2016లో పట్టుబడింది. ఆ మార్చిలో వాళ్ళ నాన్నగారు ఫ్రిస్కో వచ్చారు. మామయ్యగారు తాడేపల్లిగూడెం ఆర్టీసీ డిపోలో టైరు సెక్షన్‌లో చేసి రిటైరయ్యారు. సర్వీసు ఉన్నన్నాళ్ళూ బస్సుల్ని ఊళ్ళమీదికి పంపించడమే గాని తాను దేశం చూసింది లేదు. విజిటర్ వీసా మీద వచ్చిన ఆయనకి ఎయిర్‌పోర్టులో ఆరు నెలల గడువు వేసి పంపారు. “ఆరు నెలలు చాలు. నాన్నని బస్సులోనే అమెరికా అంతా తిప్పి పంపిస్తా. మొదట గ్రాండ్ కాన్యన్,” అన్నాడు బావ. అక్కణ్ణించి గ్రాండ్ కాన్యన్ వెయ్యి మైళ్ళు.

ఏప్రిల్లో బస్సు దొరికింది. ఎంసీఐ వాళ్ళ ఎంసీ-9. ఒకప్పుడు గ్రేహౌండ్ కంపెనీ అమెరికా అంతటా తిప్పిన రకం. నలభై అడుగుల పొడవు, వెనక హోరుమనే టూ స్ట్రోక్ డెట్రాయిట్ డీజిల్ ఇంజను, మొత్తం ఎనిమిది టైర్లు. ముందు రెండు, నడిపే ఇరుసుకి జోడీలుగా నాలుగు, దాని వెనక ఇరుసుకి రెండు. లోపల మంచం, పొయ్యి, సింకు, స్నానాలగది అన్నీ ఎప్పుడో అమర్చేసి ఉన్నాయి. ఓక్లహోమాలో ఒక ముసలి దంపతులు అమ్ముతున్నారు. నేనూ వెళ్ళాను.

“పెద్దగా నడపలేదు. టైర్లు చూడండి, గాట్లు ఎంత లోతుగా ఉన్నాయో. కొత్తవాటితో సమానం,” అన్నాడు ముసలాయన గర్వంగా.

బావ గాట్లు చూడలేదు. టార్చి, రెండు లావుపాటి దుంగలు తీశాడు. ఆ బస్సు గాలితిత్తుల మీద నిలబడుతుంది. తిత్తిలో గాలి దిగిపోతే బస్సు ఒళ్ళంతా కిందికి కూర్చుంటుంది. దుంగలు ఆనించకుండా కింద దూరితే మనిషి మిగలడు. ఆ జాగ్రత్త తీసుకుని దూరి, టైరు పక్కగోడ మీద డాట్ అన్న అక్షరాల వెంబడి వేలు పోనిచ్చి, చివరి నాలుగంకెలు చదివాడు. అవి టైరుకి రెండోపక్కే ఉంటాయి ఒక్కోసారి, అందుకే దూరడం. 3507. అంటే 2007లో ముప్పై అయిదో వారంలో పుట్టిన టైరు.

“తొమ్మిదేళ్ళు నిండబోతున్నాయి. పదేళ్ళు దాటితే చూడ్డానికి ఎంత బాగున్నా తీసి పారెయ్యమని మిషెలిన్ వాళ్ళే చెబుతారు,” అన్నాడు బయటికొచ్చి, మోకాళ్ళు దులుపుకుంటూ. ఎనిమిది టైర్ల కింద నాలుగు వేల డాలర్లు తగ్గించాక గాని చెక్కు మీద సంతకం పెట్టలేదు. ముసలావిడ బస్సు లోపలి కర్టెన్లు తానే కుట్టానని చెప్పబోయి ఊరుకుంది.

బస్సు ఇంటికొచ్చిన రోజు మామయ్యగారు లుంగీ ఎగ్గట్టి, ఇనప రాడ్డుతో ఎనిమిది టైర్లూ కొట్టి చూశారు. పక్కగోడల మీద సన్నటి బీటల్ని గోటితో గీకి చూశారు.

“ముందు రెండూ కొత్తవి వేయించరా. ముందు టైరు పేలితేనే స్టీరింగు చేతిలో ఉండదు. మా డిపోలోనూ ముందుకి ఎప్పుడూ కొత్తదే, రీట్రేడింగు చేసినవన్నీ వెనక్కే. తక్కిన ఆరూ దగ్గర ఊళ్ళు తిరుగుతూ ఒక్కొక్కటే మార్చుకోవచ్చు.”

“ఇది ఆర్టీసీ కాదు నాన్నా,” అన్నాడు బావ.

ఇక పరిశోధన మొదలైంది. మామూలు లారీ టైరు 11ఆర్22.5 చవక, ఎక్కడైనా దొరుకుతుంది. అది సరిపోతుందా? బరువు తెలియకుండా చెప్పలేం. ఒక ఆదివారం తెల్లారగట్ల, రోడ్డు మీద ఎవరూ లేనప్పుడు, పాత టైర్ల మీదే మెల్లగా ట్రక్ స్టాపులోని కాటాకి తీసుకెళ్ళాడు. మామయ్యగారు చొక్కా తొడుక్కుని వచ్చి నిలబడితే, “పాత టైర్ల మీద నిన్ను ఎక్కించను,” అని దింపేశాడు. ముందు ఇరుసు మీదే 13,400 పౌండ్లు తూగింది. లోడ్ రేంజ్ హెచ్ రకం 11ఆర్22.5 ఒక్కొక్కటి 6,610 పౌండ్లు మోస్తుంది. రెండూ కలిపినా చాలదు. అదే రేంజిలో 12ఆర్22.5 అయితే 120 పీఎస్ఐ గాలితో ఒక్కొక్కటి 7,390 మోస్తుంది. అది సరిపోతుంది.

సరిపోయింది కదా అని ఊరుకున్నాడా? 315/80ఆర్22.5 ఇంకా ఎక్కువ మోస్తుందని ఎవరో చెప్పారు. ఎత్తులో రెండూ దాదాపు ఒకటే, మోతలో ఇదే మేలు. మే నెలంతా 315తో గడిచింది. తీరా చూస్తే దానికి సరైన కొలత తొమ్మిదంగుళాల వెడల్పు రిమ్ము, ఈ బస్సువి ఎనిమిదింపావు. రిమ్ములు మార్చాలంటే టైర్లని మించిన ఖర్చు. మళ్ళీ 12 దగ్గరికే వచ్చాడు.

జూన్‌లో సిటీ బస్సుల టైర్ల బేరం తగిలింది. పక్కగోడలు దిట్టంగా ఉంటాయి, ఫుట్‌పాతు అంచుకి రాసుకున్నా చెక్కుచెదరవు, ధర సగం. కానీ అవి స్టాపు స్టాపుకీ ఆగుతూ ఊళ్ళో తిరగడానికి చేసినవి. హైవే మీద గంటలకొద్దీ వేగంగా పోతే వేడెక్కిపోతాయి. వాటినీ వద్దన్నాడు. ఆ మాట నిజమే. బావ చెప్పిన ప్రతి మాటా నిజమే, అదే చిక్కు.

మామయ్యగారు పొద్దున్నే లేచి బస్సు అద్దాలు తుడిచేవారు. డ్రైవరు పక్కసీట్లో కూర్చుని కాఫీ తాగేవారు. ఒకరోజు ఉండబట్టలేక అన్నారు:

“ఒరేయ్, మా డిపోలో టైరు అరిగిపోవడం చూశాగాని, నిలబడి పుచ్చిపోవడం చూళ్ళేదు. నడిచిన టైరు అరుగుతుంది, నడవని టైరు చస్తుంది. బండి తియ్యరా.”

బావ ఎగిరి గంతేశాడు. “కరెక్టు నాన్నా! సైన్సు కూడా అదే. రబ్బరులో మైనం లాంటి పదార్థాలు కలుపుతారు. బండి నడుస్తుంటే టైరు సాగి ముడుచుకుంటూ అవి పైకి ఊరతాయి. ఎండనీ ఓజోన్‌నీ అడ్డుకునేది ఆ పూతే. కదలకపోతే ఊరదు, అందుకే బీటలు!” అని పెన్ను తీసి, నాన్న మాటని అక్షరం పొల్లుపోకుండా తన ఫైల్లో రాసుకున్నాడు. మామయ్యగారు ఆ పెన్ను వంక కాసేపు చూసి, అద్దాలు తుడవడానికి వెళ్ళిపోయారు.

జులైలో ఒక షాపువాళ్ళు ఎనిమిది టైర్లు తెప్పించారు. బావ అంకెలు చదివాడు. ఆరు ఒక వారంలో పుట్టినవి, రెండు ముందటేడు పుట్టినవి. జోడీలో రెండు టైర్లూ ఒకే ఎత్తులో ఉండాలి, లేకపోతే పొడుగుదే బరువంతా మోసి ముందు పోతుంది. కానీ కొత్త టైర్లకి ఏడాది తేడా ఒక తేడానా అని షాపతను నెత్తీ నోరూ కొట్టుకున్నాడు. జాతకాలు కలవని సంబంధం వదులుకున్నట్టు బావ వాటిని వెనక్కి పంపేశాడు.

ఆగస్టు చివర్లో ఎనిమిదికి ఎనిమిదీ ఒకే వారం పిల్లలు దొరికాయి. 1416. టైర్లు ఎక్కించి, నట్లన్నీ టార్కు రెంచితో బిగించి, గాలి సరిచూసి బస్సుని వాకిట్లో నిలిపిన మర్నాడే కాలనీ సంఘం నుంచి ఉత్తరం వచ్చింది. ఇళ్ళముందు ఇంత బండి పెట్టకూడదట. ఎనిమిది మైళ్ళ అవతల నెలకింత అద్దెకి బళ్ళు పెట్టుకునే స్టోరేజీ యార్డుంది. బస్సుని అక్కడికి తోలుకుపోతుంటే మామయ్యగారు ఇస్త్రీ చొక్కా తొడుక్కుని వచ్చారు. ఈసారి బావ దింపలేదు.

“బాగుందిరా. అస్సలు ఊగట్లేదు,” అన్నారట దారిలో.

ఆ వారమే ఆయన విమానం ఎక్కారు. గడువు దగ్గరపడింది మరి. “వచ్చే ఏడు తప్పకుండా, నాన్నా,” అన్నాడు బావ. వచ్చే ఏడు ప్రాజెక్టు గో-లైవ్. ఆ పై ఏడు మామయ్యగారు పోయారు. తర్వాత పిల్ల కాలేజీ, తర్వాత కోవిడ్, 2022లో డీజిలు గేలను అయిదు డాలర్లు దాటింది. బావ మాత్రం నెలనెలా యార్డుకెళ్ళి ఇంజను స్టార్ట్ చేసేవాడు, గాలి కొలిచేవాడు, టెక్సాస్ ఎండ తగలకుండా టైర్లకి తెల్ల తొడుగులు వేసేవాడు. ఆ తీరికలోనే తన ఫైలంతా శుభ్రంగా టైపు చేసి, ‘పాత బస్సు కొనేవారికి టైరు సూత్రాలు’ అని పీడీఎఫ్ చేసి అడిగినవాళ్ళకీ అడగనివాళ్ళకీ పంపించాడు.

2023లో స్టోరేజీ అద్దె మళ్ళీ పెంచారు. ఆ నెలే అక్క బస్సుని అమ్మకానికి పెట్టించింది.

ఇర్వింగ్‌లో పనిచేసే గుంటూరు కుర్రాడు వచ్చాడు. “వచ్చే నెల అమ్మా నాన్నా వస్తున్నారంకుల్. వాళ్ళని తిప్పాలని,” అన్నాడు. బస్సు కాయితాల్లో పేర్లు ఇద్దరివీ ఉండటంతో సంతకానికి అక్క కూడా యార్డుకి వచ్చింది. నేను అక్కని తీసుకొచ్చాను. బావ ఉత్సాహంగా తొడుగులు తీశాడు. నల్లగా నిగనిగలాడుతూ, గాట్లు వేలు దిగేంత లోతుగా, ఎనిమిది టైర్లు.

కుర్రాడు గాట్లు చూడలేదు. కారులోంచి టార్చి, రెండు దుంగలు తెచ్చాడు. దుంగలు ఆనించి కిందికి దూరాడు. కాసేపటికి లోపల్నించి గొంతు వినపడింది.

“1416 అంకుల్. అన్నీ 1416. ఏడేళ్ళు దాటాయి.”

“ఎండ తగలనివ్వలేదు బాబూ. ఏడేళ్ళకి ఏమీ కాదు. ఇంకా...”

“ఏడు దాటితే కొత్తవాటి ఖరీదు తగ్గించుకుని కొనాలని మీరే రాశారు. మూడో సూత్రం.” బయటికొచ్చి మోకాళ్ళు దులుపుకుని ఫోను తీశాడు. “ఇప్పటి ధరల్లో ఎనిమిదికీ అయిదు వేలు తగ్గించండంకుల్.”

“పెద్దగా నడపలేదయ్యా! గాట్లు చూడు, కొత్తవాటితో సమానం!” అన్నాడు బావ.

కుర్రాడు మొహమాటంగా ఫోనులో ఇంకో పేజీ తిప్పాడు. “దానికి ఏడో సూత్రం ఉందంకుల్. ‘పెద్దగా నడపలేదని అమ్మేవాడు గొప్పగా చెబితే, బేరం అక్కణ్ణించే మొదలుపెట్టండి. నడిచిన టైరు అరుగుతుంది, నడవని టైరు చస్తుంది.’ ఈ మాట మాత్రం భలే రాశారంకుల్.”

“అది నాది కాదు,” అన్నాడు బావ. “మా నాన్నది.”

“అవునా! అయితే ఆయన ఈ బస్సులో బాగా తిరిగుంటారు కదంకుల్?”

బావ జేబులో పెన్ను కోసం వెతుక్కుంటున్నాడు. కాయితాల మీద అప్పటికే సంతకం పెట్టేసిన మా అక్క జవాబు చెప్పింది.

“తిరక్కేం బాబూ! మా ఇంటి దగ్గర్నించి ఇదుగో, ఇక్కడిదాకా తిరిగారు. టైరుకో మైలు.”