గంటల ప్రొఫెసర్

కామాఠిపురా వాళ్ళకు కూలి లెక్క ఎవరూ నేర్పనక్కర్లేదు. నైజాం ఇలాకా నుంచి తట్టా పారా పట్టుకొని వచ్చి, రాళ్ళు మోసి, గోడలు లేపి, బొంబాయిని బొంబాయిగా నిలబెట్టిన తెలుగు కూలీల పేట ఇది. పొద్దున్నే కూలీలను పనికి ఎంచే ముకాదం ముందు నిలబడాలి. మస్టర్‌లో పేరు పడితే పని, పడకపోతే వచ్చిన దారినే గల్లీకి. ఈ వంశంలో ఇప్పుడొక కంప్యూటర్ సైన్స్ ప్రొఫెసర్ తయారయ్యాడు. వంశ మర్యాదేమీ చెడలేదు. ఆయనా మస్టర్ మీదే ఉన్నాడు.

ఆ మస్టర్ పేరు సీహెచ్‌బీ, అంటే క్లాక్ అవర్ బేసిస్. మహారాష్ట్ర కాలేజీల్లో పర్మనెంట్ పోస్టులు నింపకుండా పాఠాలు జరిపించుకొనే విద్య ఇది. చెప్పిన గంటకే డబ్బు. గణపతి పండగకు గంట లేదు, దీపావళికి గంట లేదు, మే నెలలో అసలు గడియారమే లేదు. పీరియడ్ 48 నిమిషాలు, గడియారం గంటకు 60. ఆ మిగిలిన 12 నిమిషాలు ఎవరి ఖాతాలోకి పోతాయన్నది ఏ అల్గారిథమ్‌కూ అంతుపట్టని సమస్య.

మా గల్లీ మూల మీద కూర్చొనే మేస్త్రీ తాత ప్రతి శనివారం ఆయన్ను ఆపుతాడు.

"ఏం బిడ్డా, ఈ వారం ఎన్ని గంటలు దొరికినయ్?"

"తొమ్మిది, తాతా."

"మా దినాలల్ల ఎనిమిది గంటలకు ఒక హాజరీ ఏస్తుండె. అంటే నీకు వారమంత గల్సి ఒక హాజరీ, మీదికెళ్ళి గంట ఓవర్‌టైమ్. ఇంతకూ పెద్ద సదువు సదివినవ్ గద, ఏం కనిపెట్టినవ్?"

"ఉన్న పనిని మెషీన్లన్నిటికీ సమంగా పంచే పద్ధతి."

"మరి నీకు పంచేటోడు ఎవడూ లేడా?"

దీనికి ప్రొఫెసర్ సాబ్ దగ్గర జవాబు లేదు. ఆయన థీసిస్‌లోనూ లేదు.

ఆ పీహెచ్‌డీ చేయడం వెనకా ఒక కథ ఉంది. యూనివర్సిటీ శాఖల్లో అసిస్టెంట్ ప్రొఫెసర్ కావాలంటే 2021 జూలై నుంచి పీహెచ్‌డీ తప్పనిసరి అని యూనివర్సిటీ గ్రాంట్స్ కమిషన్ (యూజీసీ) 2018లో చాటింపు వేసింది. మనవాడు చాల్‌లో అందరూ పడుకున్నాక, అటక మీద తల వంచుకొని కూర్చొని థీసిస్ రాశాడు. గడువు 2023కి జరిగింది. సరే, ఊపిరి పీల్చుకొని పూర్తిచేశాడు. 2023 జూలై రానే వచ్చింది. అబ్బే, పీహెచ్‌డీ తప్పనిసరేమీ కాదు, నెట్ గానీ సెట్ గానీ పరీక్ష పాసై ఉంటే చాలు అన్నారు. సాఫ్ట్‌వేర్‌లో ఇలాంటిదాన్ని బగ్ అంటారు. ఢిల్లీలో సవరణ అంటారు.

పోనీ, పర్మనెంట్ అయినవాళ్ళు సుఖంగా ఉన్నారా అంటే వాళ్ళు మార్కుల వేటలో ఉన్నారు. అదే 2018 నిబంధనల్లో ప్రొఫెసర్ పోస్టుకు 120 రీసెర్చ్ స్కోరు కావాలన్నారు. సైన్సు, ఇంజనీరింగ్ వాళ్ళకు పేపరుకు 8. ఇంపాక్ట్ ఫాక్టర్ అదనాలు పక్కన పెట్టి లెక్క చూడండి. ఒక్కడే రాస్తే 8. ఇద్దరు రాస్తే చెరో 70 శాతం, అంటే 5.6 చొప్పున మొత్తం 11.2. ఒక పేపరును ఇద్దరికి పంచితే అది పెరిగింది! చిన్నయసూరి మిత్రలాభానికి యూజీసీ రాసిన వ్యాఖ్యానం ఇది. ఒంటరి పండితుడు 120 చేరాలంటే పదిహేను పేపర్లు రాసుకోవాలి. ఇద్దరు స్నేహితులు తలా పదకొండు రాసి, ఒకరి పేరు ఒకరు పెట్టుకుంటే ఇరవై రెండు పేపర్లు, తలకు 123.2. ఒకడి పేపరు ఇంకొకడు చదివాడా అని నిబంధన అడగదు. అడిగితే స్నేహం చెడుతుంది.

పేపరు ఎక్కడ అచ్చు కావాలన్నది ఇంకో చిక్కు. మంచి పత్రికలివి, దొంగ పత్రికల్లో పడకండని యూజీసీ 2019లో కేర్ జాబితా పెట్టింది. 2025 ఫిబ్రవరిలో దాన్ని ఎత్తేసి, ఇక మీ తెలివి మీదే అంది. మనవాళ్ళ తెలివి ఎలా పనిచేస్తుందో పై పేరాలో చూశాం.

ఇక కాలేజీల నాణ్యత కొలిచే నాక్ బృందం వస్తోందంటే కాలేజీలో పాఠం బంద్. ప్రతి సబ్జెక్టుకూ 'కోర్స్ ఔట్‌కమ్'లు రాయాలి. ఒక్కో ఔట్‌కమ్ 'ప్రోగ్రామ్ ఔట్‌కమ్'లతో ఎంత గట్టిగా ముడిపడిందో గళ్ళలో 1, 2, 3 అంకెలు వేయాలి. డేటా స్ట్రక్చర్స్‌లో లింక్డ్ లిస్టు చెప్తే విద్యార్థికి పర్యావరణ స్పృహ ఎంత కలిగింది? ప్రొఫెసర్ సాబ్ ఒక క్షణం ఆలోచించి 2 వేస్తాడు. 3 వేస్తే సాక్ష్యం అడుగుతారు, 1 వేస్తే ప్రిన్సిపాల్ అడుగుతాడు. రెండు వేస్తే ఎవరూ అడగరు. ఈ రాతకోతలకు గంటల లెక్క లేదు. సేవ కింద జమ.

గల్లీలో ఆయన పరువు 2017లో పోయింది. ఆ ఏడు ముంబై యూనివర్సిటీ జవాబు పత్రాలన్నీ స్కాన్ చేయించి, కంప్యూటర్ తెర మీదే దిద్దమంది. ఫలితాలు నెలల తరబడి ఆగాయి. విద్యార్థుల పై చదువులు గాల్లో వేలాడాయి. అక్టోబరులో వైస్ చాన్సలర్‌నే గవర్నర్ తొలగించారు. గల్లీలో మాత్రం తీర్పు ఇంకోలా వచ్చింది: "కంప్యూటర్ మన ప్రొఫెసర్‌దే గద, గాయనే ఏదో నొక్కిండు." ఆ రోజు నుంచి ఆయనకు ప్రింటర్ బాగుచేయడం, రేషన్ కార్డుకు ఆధార్ కలపడం, రీడెవలప్‌మెంట్ కాగితాలు అప్‌లోడ్ చేయడం వంటి ప్రాయశ్చిత్తాలు పడ్డాయి.

ఇంటికొచ్చే చుట్టాలు వేరే రకం. "చిత్తూరు జిల్లా కాటూరులో పుట్టి రాజ్ రెడ్డి 1994లో ట్యూరింగ్ అవార్డు తేలేదా? నీకేం తక్కువ?" అంటారు. తక్కువేమిటో ఆయనకు తెలుసు. రాజ్ రెడ్డి గారు 1969 నుంచి కార్నెగీ మెలన్‌లో కూర్చొని మాట వినే మెషీన్ల గురించి ఆలోచించారు. ఆ ఆలోచనకు పీరియడ్లు కట్టి బిల్లు పెట్టమని అక్కడ ఎవరూ అడిగినట్టు లేదు. ఇక పవయి ఐఐటీకి ఆంధ్రా, తెలంగాణల నుంచి ఏటేటా ర్యాంకర్లు దిగుతూనే ఉంటారు. అదే ఊళ్ళో అంతకు ముందే దిగిన తెలుగువాళ్ళ కామాఠిపురా గల్లీలున్నాయని వాళ్ళకు ఏ కోచింగ్ మెటీరియల్‌లోనూ రాదు.

కాబట్టి ఈ కాలమ్ ఒక ప్రతిపాదన చేస్తోంది. భవన నిర్మాణ కార్మికుల కోసం 1996లో చట్టం వచ్చింది. ఏడాదిలో 90 రోజులు పనిచేసినవాడు సంక్షేమ బోర్డులో పేరు రాయించుకోవచ్చు. అందుకు కట్టడం ఖర్చు మీద ఒక శాతం సెస్సు వసూలు చేస్తారు. గంటల ప్రొఫెసర్లకూ ఇదే వర్తింపజేయాలి. కంప్యూటర్ సైన్స్ సీటు ఫీజు మీద ఒక శాతం సెస్సు వేయాలి. వారానికి మూడు రోజులు, సెమిస్టరుకు పదిహేను వారాలు, ఏటా రెండు సెమిస్టర్లు: సరిగ్గా 90 రోజులు. గణపతి నిమజ్జనానికి కాలేజీ ఒక్క రోజు మూస్తే మాత్రం కార్డు గల్లంతు.

మేస్త్రీ తాతకు ఈ ప్రతిపాదన నచ్చింది. ఒక్క సలహా ఇచ్చాడు: "అర్జీల ఏం మోస్తవని అడిగితే నాక్ ఫైళ్ళు అని రాయి బిడ్డా. ఆఫీసర్‌కు అనుమానమొస్తే ఒక్కసారి ఎత్తి సూడమను."