గుట్టకు తిరిగొచ్చిన కట్ట

కాలిఫోర్నియా ఉత్తరపు కొసన, క్లామత్ నదికి అడ్డంగా 173 అడుగుల ఎత్తున నిలిచిన మట్టికట్టను నేను. పేరు ఐరన్ గేట్. పక్క గుట్టను తవ్వి, నడుమ బంకమన్ను దట్టించి, 1962లో నన్ను పనిలో పెట్టారు.

కట్ట అనగానే మీకు కాలవలూ ఆయకట్టూ గుర్తొస్తాయేమో. నా నీళ్లతో ఒక్క మడీ తడవలేదు. ఎగువనున్న కాప్కో కట్టలు కరెంటు గిరాకీని బట్టి నీటిని ఉన్నట్టుండి వదిలేవి, ఉన్నట్టుండి బిగించేవి. దిగువన ఏట్లో దిగినవాళ్లకు అది ప్రాణగండం. ఆ హెచ్చుతగ్గులు సర్దడమే నా ఉద్యోగం. పనిలో పనిగా 18 మెగావాట్లు.

చేపల నిచ్చెన మాత్రం కట్టలేదు. గుడ్లు పెట్టడానికి సముద్రం నుంచి ఎదురీదుకుంటూ వచ్చే సాల్మన్‌కు నా కాళ్ల దగ్గరే దారి ఆఖరు. వేసవిలో నా వెనక నిలిచిన నీరు విషపు నాచు పట్టి, ఆకుపచ్చ రంగు డబ్బా ఒలికినట్టుండేది. అందులో దిగొద్దని బోర్డులు పెట్టేవారు.

2002 సెప్టెంబరులో నదిలో బాగా దిగువన 34 వేలకు పైగా చేపలు చచ్చి తేలాయి. ఏరు సన్నగిల్లింది, నీరు వేడెక్కింది, మొప్పలకు జబ్బు సోకింది. నింద మొత్తం నా ఒక్కదానిదే అంటే ఒప్పుకోను. ఎగువ సాగుకు మళ్లిన నీళ్లూ, కరువూ ఉన్నాయి. కానీ ఆ చావుల తర్వాత యూరోక్, కరుక్ తెగలవాళ్లు ఊరుకోలేదు. అప్పటి యజమాని కంపెనీ వాటాదారుల సభ జరిగే స్కాట్లాండు దాకా వెళ్లారు.

నా పక్షం జనమూ తక్కువేం కాదు. 2010లో సిస్కియూ కౌంటీలో ఓటింగు పెడితే దాదాపు 80 శాతం మంది కట్టలు ఉండాల్సిందేనన్నారు. కాప్కో జలాశయం గట్టున ఇళ్లు కట్టుకున్నవాళ్లకు బావుల బెంగ, కార్చిచ్చు వస్తే నీళ్లెక్కడివన్న బెంగ. అవి ఉత్త సాకులు కావు.

అయినా నా చావు రాసింది లెక్కల పుస్తకమే. 2006లో లైసెన్సు గడువు తీరింది. కొత్తది కావాలంటే చేపలకు దారి కట్టమన్నారు. నేనూ, ఎగువనున్న మరో మూడూ, మా నాలుగు కట్టలూ కలిపి కంపెనీ కరెంటులో ఇచ్చేది 2 శాతం. దానికి అంత ఖర్చు పెట్టేకంటే కూల్చడమే చవకని తేలింది. 45 కోట్ల డాలర్లు సిద్ధం చేశారు: 20 కోట్లు కరెంటు బిల్లులు కట్టేవాళ్లవి, మిగతావి కాలిఫోర్నియా బాండ్లవి.

2024 జనవరిలో నన్ను ఖాళీ చేయడం మొదలెట్టారు. నది బురదై పారింది. ఫిబ్రవరి చివర్లో, ఎగువన ఒక వాగులో 8 లక్షల 30 వేల సాల్మన్ పిల్లల్ని వదిలారు. అవి నా అడుగు సొరంగంలోంచి వచ్చాయి. ఒత్తిడి మారి ఒంట్లో గాలిబుడగలు చేరి, కుప్పలుగా చచ్చాయి. ఆ తర్వాత పిల్లల్ని నాకు దిగువనే వదలాలని నిర్ణయించారు.

శరదృతువు నాటికి నేను లేను. నా మట్టిని తవ్వి తెచ్చిన చోటే మళ్లీ పోశారు. అక్టోబరు 16న, మా అందరికీ ఎగువన, ఒరెగాన్‌లోని ఒక ఉపవాగులో చినూక్ సాల్మన్ కనిపించింది. 1912 తర్వాత అక్కడ అదే మొదలు.

ఇంకా పైన కెనో, లింక్ రివర్ కట్టలు ఉన్నాయి. నిచ్చెనలూ ఉన్నాయి గానీ, కెనోది సాల్మన్ కోసం కట్టింది కాదు. లింక్ రివర్ నీటి మీద రైతుల సాగు ఆధారపడి ఉంది. వాటి సంగతి నా అంత చవగ్గా తేలదు.