బొమ్మా? బొరుసా?

మా తడలో భయపడ్డానికి డబ్బులిచ్చి ఆట కొనక్కర్లేదు. రాత్రి పదిన్నరకి హైవే అడ్డంగా దాటితే చాలు. అయినా కొన్నాను.

ఆట పేరు ‘ఫియర్ అండ్ హంగర్’. భయమూ, ఆకలీ. ఫిన్‌లాండ్‌లో మిరో హవెరినెన్ అనే ఒకే ఒక్కాయన ఆర్‌పీజీ మేకర్ ముందేసుకుని తయారుచేసి 2018లో జనం మీదికి వదిలాడు. పెద్దలకు మాత్రమే అని హెచ్చరిక ఉంది. నాకు 34. అర్హత ఉందనుకున్నా.

శ్రీసిటీలో సెకండ్ షిఫ్టు దిగి ఇల్లు చేరేసరికి అర్ధరాత్రి. అమ్మ అన్నం మీద మూతపెట్టి పడుకుని ఉంటుంది. నేను లాప్‌టాప్ తెరిచి నేలమాళిగలోకి దిగుతాను. కథా కాలం 1590. లోపల లెగార్డ్ అనే కెప్టెన్ బందీ. నలుగురిలో ఒకరిని ఎంచుకుని వెతుక్కుంటూ పోవాలి. ఎటు పోవాలో, ఎవరిని నమ్మాలో ఎవరూ చెప్పరు. మొదటి కాపలావాడు నా చెయ్యి నరికాడు. రెండోసారి కాలు నరికాడు. మూడోసారికి అర్థమైంది, ముందు వాడి చెయ్యి తీసేయాలని.

మంచం కనబడితే పడుకుని సేవ్ చేసుకోవచ్చు. అయితే ముందు నాణెం ఎగురుతుంది. బొమ్మా? బొరుసా? తప్పు చెప్తే నిద్రలో ఎవరో మీద పడతారు. నిద్రలో ఏదో జరిగిపోవడం మా ఊరికి మరీ కొత్త కాదు. 2022 ఏప్రిల్ 3 రాత్రి నెల్లూరు జిల్లాలో పడుకున్న మా తడ, 4న తిరుపతి జిల్లాలో నిద్రలేచింది.

ఒక రాత్రి ఆటలో మూడు గంటలు బతికి మంచం దాకా వచ్చాను. కరెంటు పోయింది. లాప్‌టాప్ బ్యాటరీ ఎప్పుడో కాలం చేసింది. ఫ్యాను ఆగేసరికి అమ్మ లేచి, విసనకర్రతో వచ్చి పక్కన కూర్చుంది. కరెంటు వచ్చాక కూడా లేవలేదు. ఈ ఆటలో అమ్మ పక్కనుండగా చూడకూడని సీన్లున్నాయి. కానీ అవి వచ్చేలోపే చచ్చిపోయే నైపుణ్యం నాకుంది కాబట్టి ధైర్యంగా మొదలుపెట్టాను.

“ఎవుర్రా వాడు?”

“నేనేమ్మా.”

“ఏమన్నా తినినాడా?”

కాపలావాడి ఆయుధాన్ని చూడలేదు, గోడల మీది నెత్తురు చూడలేదు. నేరుగా అసలు చోటికి వచ్చేసింది. ఈ ఆటలో ఆకలికి లెక్కుంది. పెట్టకపోతే పోతాడు. నా ఏడు చావుల్లో నాలుగు ఆకలి చావులే.

“సంచిలో బూజు పట్టిన రొట్టె ఉందిలే.”

“బూజు పట్టిందా? పారెయ్‌రా దాన్ని!”

ఇలాంటి ఆటల రుచే అర్థం చెప్పకపోవడమని నచ్చజెప్పాను. 2004లో కికియామా అనే మారుపేరుతో ఒక జపాన్ మనిషి చేసిన ‘యుమె నిక్కి’లో ఒక పిల్ల గది దాటి రాదు, కలల్లో తిరుగుతుంది. ఎందుకో ఆట చెప్పదు. ఇదీ అంతే. ఏది ముట్టుకోవాలో, ఎవరి జోలికి పోకూడదో అంతా చచ్చి తెలుసుకోవాల్సిందే.

అమ్మ విసనకర్ర ఆపింది.

“నేను ఈ ఇంటికి కోడలుగా వచ్చినపుడు నాకెవురు చెప్పినార్రా? ఏ గిన్నె ముట్టుకోవాలో, మీ జేజి ఏ మాటకి మూతి ముడుస్తాదో, మీ నాయన నాలుగు దినాలు ఎందుకు మాట్లాడడో? ముప్పయ్యారేండ్లయింది. ఇంకా సగం తెలవలా.”

మరి మంచం కనబడితే పడుకుని సేవ్ చేసుకోలేదా అని అడిగాను. మంచం ఉండేదట. పడుకునే తీరికే ఉండేది కాదట.

“ముందు తినేదంతా ఏరుకోమను. కొట్లాట ఆనక.”

ఏరాను. ఆ రాత్రి నేను ఎన్నడూ చూడని అంతస్తు దాకా దిగాను. మంచం వచ్చింది, నాణెం లేచింది. అమ్మ “బొమ్మ” అంది. బొమ్మే పడింది. ఆటలో వాడు పడుకున్నాడు. అమ్మ రొయ్యల ఇగురు వేడిచేసి నాకు పెట్టింది.

ఆడదలచుకున్నవాళ్లకి రెండు మాటలు. 18 నిండని పిల్లలు ఇంట్లో మేలుకుని ఉంటే ఈ ఆట తెరవకండి. నిండినవాళ్లు ముందు అన్నం తిని కూర్చోండి.