నాలుగు వైర్లేగా!

తెలుగింట్లో సర్టిఫికెట్ లేకుండా చేసుకోదగ్గ వృత్తులు రెండున్నాయి. ఒకటి వైద్యం, రెండోది రేడియో రిపేరు. వైద్యానికి కనీసం కషాయమైనా కాచాలి. రిపేరుకు ఆ శ్రమా లేదు. చేతిలో స్క్రూడ్రైవరు, నోట్లో ఒక మాట ఉంటే చాలు: "ఏముంది అందులో, నాలుగు వైర్లేగా!"

ఆ మాట మీద పేటెంటు మా బావగారిది. ఆయన విప్పిన సెట్టు మళ్లీ వెనకమూతతో కనిపించిన దాఖలా లేదు. మా నాన్నగారి రేడియో రాత్రిళ్లు విజయవాడ కేంద్రం పెడితే గర్రుమంటోందని ఆయన చెవిన పడింది. 1948 డిసెంబరు 1న గొంతు విప్పిన కేంద్రం అది, ముల్లు 837 కిలోహెర్ట్జ్ దగ్గర పెడితే పలికేది. గోల బయటినుంచి వస్తోందేమో అని నేను నసిగాను. "నువ్వూరుకోరా" అన్నారు.

మొదటి చికిత్స దెబ్బ. దెబ్బకు దెయ్యం వదిలినట్టు సెట్లు పలికిన మాట నిజమే. లోపల సోల్డరింగ్ అతుకు విడిపోయి ఉంటే అదురుకి ఓ క్షణం తగులుకుంటుంది. ఆ క్షణంలో వినిపించిన పాటే మన ఇంజనీరింగ్ శాస్త్రానికంతటికీ పునాది. అతుకు ఇంకాస్త వదులైన సంగతి రెండో దెబ్బకు తెలుస్తుంది. పన్ను నొప్పని వెళితే చెంప పగలగొట్టే డాక్టరుకు మనం ఫీజిస్తామా?

రెండో చికిత్స బిగింపు. లోపల వేలిగోరంత రేకు డబ్బాలు, వాటి నెత్తిన పసుపు, తెలుపు, నలుపు, ఎరుపు మరలు. "చూశావా, అన్నీ వదులైపోయాయి!" అని బావగారు తలా రెండు చుట్లు బిగించారు. పాపం, అవి బిగించడానికి పెట్టిన మరలు కావు. మొదటి మూడూ 455 కిలోహెర్ట్జ్‌కి, ఎరుపుది ఆసిలేటరుకి, ఫ్యాక్టరీలో సిగ్నల్ జనరేటరు పెట్టి శ్రుతి చేసినవి. వాటిని తిప్పడానికి ప్లాస్టిక్ పుల్లే వాడతారు, ఉక్కు మొనకు లోపలి ఫెర్రైట్ చిట్లుతుంది గనక. బొబ్బిలి వీణకు తీగలు వదులయ్యాయని అన్నింటినీ తెగేదాకా బిగించి కచేరీకి పంపినట్టయింది. అంతవరకూ గర్రుమన్న సెట్టు ఇప్పుడు ఆ గర్రు కూడా మానేసింది. "గోల పోయిందా లేదా?" అన్నారు బావగారు.

ఇక మూడోది అవయవ మార్పిడి. ఎఫ్ఎం, బ్లూటూత్, యూఎస్‌బీ అన్నీ ఉన్న బోర్డొకటి తెచ్చారు. దాని మీద 5 వోల్టులని అచ్చేసి ఉంది. ఇంట్లో 12 వోల్టుల అడాప్టరుంది. "ఎక్కువిస్తే ఎక్కువ పలుకుతుంది" అన్నారు. పలకలేదు గానీ పొగ మాత్రం ధారాళంగా వచ్చింది. రెండో బోర్డు దక్కింది. దాని ఏరియల్ తీగను ముచ్చటగా చుట్టచుట్టి రేకుపెట్టెలో దాచారు. ఎఫ్ఎం తరంగం సుమారు మూడు మీటర్లు. అందులో నాలుగో వంతు, అంటే 75 సెంటీమీటర్ల తీగ, పెట్టె బయట సాగి నిలబడాలి. మడిచి బీరువాలో పెట్టుకోవడానికి అదేం పట్టుపంచె కాదు. అసలు సంగతి చివర్లో నాన్నగారు అడిగారు: "విజయవాడ ఎక్కడ్రా?" మీడియం వేవ్ ఆ బోర్డులో లేనే లేదు.

ఇంతవరకూ నవ్వుకోవచ్చు. నవ్వలేని మాట "స్విచ్ కట్టేశాగా" అన్నది. స్విచ్ చాలాచోట్ల ఒక్క తీగనే తెంపుతుంది. రెండు పిన్నుల ప్లగ్గు తిరగేసి గుచ్చితే రెండో తీగలో కరెంటు ఎదురుచూస్తూనే ఉంటుంది. ట్రాన్స్‌ఫార్మరు లేని పాత వాల్వు సెట్లలో ఛాసిస్ రేకే కరెంటు తీగతో కలిసి ఉంటుంది. ప్లగ్గు పీకినా అడాప్టరు కెపాసిటర్లో 325 వోల్టుల దాకా మిగిలి ఉండొచ్చు. పీకి, కాసేపు ఆగి, రెసిస్టరు ద్వారా దించి, మీటరుతో చూసి ముట్టుకోవాలి. స్క్రూడ్రైవరుతో చటుక్కున కలిపి టపాసు పేల్చకూడదు. ఫ్యూజు తాను కాలి ఇంటిని నిలుపుతుంది. దాని చోట సిగరెట్ పెట్టె వెండికాగితం చుడితే అది నిలిచి ఇంటిని కాలుస్తుంది. "షాకులు నాకు అలవాటే" అనేది అనుభవం కాదు, అదృష్టం. దానికి గ్యారంటీ కార్డు ఉండదు.

విప్పి నేర్చుకునే కుర్రాడి మీద నాకు కోపం లేదు. వాడు ముందు ప్లగ్గు పీకుతాడు, ఏ రంగు తీగ ఎక్కడిదో కాగితం మీద రాసుకుంటాడు, మరలన్నీ సాసర్లో వేసుకుంటాడు. తెలియదని తెలిసినవాడు వాడు. మా బావగారికి ఆ బాధే లేదు.

ఆ రాత్రి కరెంటు పోయింది. పక్కింటి మామ్మగారి బ్యాటరీ రేడియో కూడా రోజూ రాత్రిళ్లు గర్రుమనేదే. ఇళ్లల్లో ఎల్ఈడీ బల్బులన్నీ ఆరగానే అది తేటగా 837 మీద పాడింది. ఆవిడ ఇన్నాళ్లూ దానికి చేసిన రిపేరల్లా మూత విప్పకపోవడమే.

బావగారు చీకట్లో చెవి రిక్కించి విన్నారు. "దీనికేదో అయిందిరా. ఇంతసేపూ గోల పెట్టి, ఉన్నట్టుండి మానేసింది. పొద్దున్నే తీసుకురా, విప్పి చూద్దాం."